లెక్కలు తప్పిన సలోమి

దుప్పటి కాళ్ళదాకా లాక్కో కృపా. పదమూడేళ్ళొచ్చాయి, ఇంకా కథలేంటి అమ్మమ్మా అంటావు, మళ్ళీ నా పక్కకే చేరతావు. సరే, ఊఁ కొట్టు మరి.

అనగనగా కాలవగట్టు పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో బర్నబా అని ఒకాయన. కొబ్బరిచెట్లెక్కి దింపు తీసేవాడు, అంటే కాయలు కోసి కిందకి దింపేవాడన్నమాట. ఆయనకి తొందరనేదే లేదు. బస్సు కదిలిపోతున్నా పరిగెత్తడు. "తొందరపడితే చెట్టు దింపదురా, పడేస్తుంది" అనేవాడు. కొడుకు తిమోతి. వాడి తర్వాత సలోమి, సరిగ్గా నీ ఈడుది.

ఒకసారి సలోమి లెక్కల పరీక్ష తప్పింది. నూటికి పందొమ్మిది. కార్డు మీద నాన్న సంతకం తెమ్మన్నారు. బర్నబాకి వచ్చిన రాతల్లా ఆ సంతకం ఒక్కటే, అదీ ఆ పిల్లే నేర్పింది. "మా సలోమి లెక్కల్లో దిట్ట" అని ఈ చెట్టు మీంచి ఆ చెట్టుకి కేకేసి చెప్పుకునే మనిషి! ఏ మొహంతో చూపిస్తుంది?

అందుకని కార్డు ముందు బియ్యం డబ్బాలో దాచింది. అప్పుడు అమ్మ బియ్యానికొచ్చింది. ఆ తర్వాత పరుపు కింద దాచింది. అప్పుడు తిమోతి పరుపు దులిపాడు. ఆఖరికి బైబిల్లో పెట్టి, చంకన పెట్టుకుని, శనివారం సాయంత్రం చర్చిలో పిల్లల క్లాసుకి పోయింది.

ఆవేళ సువార్తమ్మ టీచరు తప్పిపోయిన కుమారుడి కథ చెబుతోంది. వెనకనించి ఎవరో, "మన సలోమిలాగేనా టీచర్? ఇదీ తప్పిందిగా!" అన్నారు. అందరూ ఘొల్లుమన్నారు.

సలోమి నవ్వలేదు. ఎన్నిసార్లు విన్న కథో, ఆవేళ కొత్తగా వినపడింది. ఓహో, ఆ అబ్బాయీ తప్పాడన్నమాట! తప్పి, దూరదేశం పోయాడు. పందుల పొట్టుకి ఆశపడ్డాడు. తిరిగొస్తే వాళ్ళ నాన్న పరిగెత్తుకొచ్చి, మంచి బట్టలు, చెప్పులు, ఉంగరం ఇచ్చి, కొవ్విన దూడని కోయించి విందు చేశాడు. ఒక్క దెబ్బ వెయ్యలేదు!

అయితే నేనూ ముందు దూరదేశం పోవాలి, అనుకుంది. చూశావా తెలివి!

క్లాసవ్వగానే కాలవగట్టెక్కింది. లాకుల దగ్గర ఆగి వెనక్కి చూసింది. ఎవరూ పరిగెత్తుకు రావట్లేదు. అప్పుడు ఇటుకల బట్టీ దాకా పోయి చూసింది. ఊహూఁ. ఆ తర్వాత పందుల దొడ్డి దగ్గరికి పోయి, పొట్టు చిటికెడు నోట్లో వేసుకుంది. థూ! అంతలో చెప్పు తెగింది. వాన మొదలైంది. అప్పుడు తట్టింది దానికి, నేను వచ్చినట్టే నాన్నకి తెలీదు కదా, ఎలా వస్తాడూ అని. ఏడుస్తూ వెనక్కి తిరిగింది.

ఇక్కడ పిల్లలందరూ ఇళ్ళకొచ్చేశారు, సలోమి రాలేదు. అమ్మ ఇల్లిల్లూ అడిగింది. తిమోతి నూతులన్నీ తొంగి చూశాడు. మరి బర్నబా? ఊళ్ళోకెల్లా పొడుగు చెట్టెక్కాడు. వానలో ఎవరూ చెట్టెక్కరే, జారిపోతుంది. ఆయనెక్కాడు.

దూరంగా గట్టు మీద ఎర్ర లంగా చుక్కలా కనపడింది. అంతే! జర్రున జారాడు, గుండె మీద తోలు లేచిపోయింది. పరిగెత్తాడు. చొక్కా లేదు, చెప్పుల్లేవు. "ఒరేయ్, బర్నబా పరిగెడుతున్నాడ్రోయ్!" అని ఊరంతా వింతగా చూసింది.

సలోమి తడిసిన కార్డు చాపింది. "నాన్నా, లెక్కల్లో తప్పాను."

ఆయన కార్డు వంక చూడనేలేదు. "లెక్కలు తప్పితే మళ్ళీ రాసుకుంటావే పిచ్చితల్లీ. నువ్వు తప్పిపోతే నేనెక్కణ్ణించి తెచ్చుకోను?"

నడుముకున్న తుండు విప్పి దాని తల మీద కప్పాడు. తెగిన చెప్పుని కొబ్బరి పీచుతో కట్టాడు. సలోమి ముక్కు ఎగబీల్చి, "మరి ఉంగరం?" అంది.

"ఏం ఉంగరమే?"

కథంతా చెప్పింది. ఆయన ఆ వానలోనే గట్టు మీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆ తర్వాత పక్కనున్న కొబ్బరాకు చీల్చి, ఉంగరం చుట్టి వేలికి తొడిగాడు. "విందుకి మనకి దూడ లేదమ్మా, పెట్ట ఉంది."

"పెట్టని కొయ్యొద్దు నాన్నా!"

"అయితే గారెలు."

ఇంట్లో అట్లకని నానబోసిన మినప్పప్పు గారెలకెళ్ళింది. తిమోతి మూతి ముడిచాడు. "నేనెప్పుడూ తప్పలేదు. నాకెప్పుడైనా వండారా గారెలు?" బర్నబా వాడి భుజం మీద చెయ్యేసి, "నువ్వు లేందే పిండెవరు రుబ్బుతార్రా నాన్నా, మొదటి వాయి నీదే" అన్నాడు. వాడు సణుక్కుంటూనే రుబ్బాడు, ఏడు గారెలు తిన్నాడు.

తిన్నాక బర్నబా కార్డు ముందు పెట్టుకున్నాడు. బ, ర్న, బా. మూడక్షరాలూ పట్టి పట్టి, అస్సలు తొందరపడకుండా రాశాడు. పక్కన నూనె వేలిముద్ర కూడా పడింది.

నీ బ్యాగులో ఏ కార్డైనా ఉంటే పొద్దున్నే మీ నాన్నకిచ్చెయ్యి కృపా. దూరదేశం పోనక్కర్లేదు.

కథేమో కంచికెళ్ళింది,
సలోమి ఇంటికొచ్చింది,
గారె దాని నోట్లోకి,
నిద్ర నీ కంట్లోకి.