గీతకు జానెడు ఇవతల

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఒక పక్క కొండ, ఇంకో పక్క ఊరు. కొండ మీద ఉండే జంతువులను ఎగువవాళ్ళనీ, ఊరి వైపు పొదల్లో ఉండేవాటిని దిగువవాళ్ళనీ పిలిచేవారు. ఇద్దరికీ నడుమ ఒకటే మడుగు.

వానలు బాగా పడిన ఏడు ఆ మడుగు సంగతి ఎవరికీ పట్టేది కాదు. ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. వేసవి సగం కాకముందే మడుగు చిక్కిపోయి, అడుగున మోకాలిలోతు నీళ్ళు మిగిలాయి. పొద్దున్నే ముందు వెళ్ళినవాళ్ళకి తేటనీళ్ళు దొరికేవి. వాళ్ళ కాళ్ళ తొక్కుడికి బురద లేచి, తర్వాత వచ్చినవాళ్ళకి ఆ బురదే దక్కేది.

"మేం ముందు" అని ఎగువవాళ్ళు, "కాదు, మేం ముందు" అని దిగువవాళ్ళు రోజూ కొట్లాడుకునేవారు. ఒకనాటి తొక్కిసలాటలో ఒక దుప్పిపిల్ల కాలు విరిగింది. అప్పుడు అడవిలో అందరికంటే పెద్దదైన ఏనుగు అవ్వ రెండు వర్గాలనూ పిలిపించింది.

"కొమ్ములతో తేల్చుకుంటే ఆ నీళ్ళు తాగడానికి ఎవరూ మిగలరు. ఆటతో తేల్చుకోండి. గెలిచినవాళ్ళు వానలు పడేదాకా ముందు తాగుతారు. ఓడినవాళ్ళు నోరెత్తకూడదు" అంది.

ఏ ఆట అన్న ప్రశ్న వచ్చింది. తీతువుపిట్ట ముందుకు నడిచింది. అది ఏటా ఊరిబడి మైదానం అంచున నేల మీదే గుడ్లు పెట్టి పొదుగుతుంది. పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటే ఏళ్ళ తరబడి చూసి, ఆ ఆట నియమాలన్నీ నేర్చేసుకుంది. వాళ్ళు తుప్పల్లో పారేసుకున్న బంతి ఎక్కడుందో కూడా దానికి తెలుసు. దాన్నే తీర్పరిగా ఒప్పుకున్నారు. ఈల లేదే అంటే, "నా గొంతు చాలు" అంది తీతువు.

మడుగు ఎండి బయటపడ్డ నేలను చదును చేశారు. ఏనుగు అవ్వ తొండంతో సుద్దపొడి చల్లి గీతలు గీసింది.

"ఆటకి ముందు ఒక సంగతి తెలుసుకోండి" అంది తీతువు. "ఎవరైనా ఎవరినైనా తోసినా, కాలు అడ్డం పెట్టి పడేసినా, తప్పు జరిగిన చోటే బంతి పెట్టి అవతలివాళ్ళు తంతారు. దాన్ని ఫ్రీ కిక్ అంటారు. తప్పు చేసినవాళ్ళు పది గజాల దూరం జరిగి, గోడ కట్టినట్టు నిలబడి ఆ బంతిని అడ్డుకోవచ్చు. అదే తప్పు తమ గోలు ముందున్న ఈ పెద్ద గడిలో చేశారనుకోండి, అప్పుడిచ్చేది పెనాల్టీ కిక్. గోలుకి పన్నెండు గజాల దూరాన, ఇదిగో ఈ చుక్క మీద బంతి పెడతారు. తన్నేవాళ్ళు ఒకరు, గోలు కాసేవాళ్ళు ఒకరు. మిగిలిన అందరూ గడి బయటే ఉండాలి. గోడ ఉండదు."

దిగువ జట్టుకి పెద్దగా ఉన్నది నక్క. అది తల గోక్కుంది. "తప్పు ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకు పెద్దమ్మా?"

"తప్పు ఒకటే, పోయింది ఒకటి కాదు" అంది తీతువు. "మైదానం మధ్యలో నిన్ను పడేస్తే నీకు పోయింది నాలుగడుగుల దారి. గోలు ముందు పడేస్తే పోయింది నోటిదాకా వచ్చిన ముద్ద. ఎంత పోతే అంత తిరిగి ఇప్పిస్తాం. అంతకు మించి లేదు, అంతకు తక్కువా లేదు."

దిగువ జట్టులో అందరికంటే వేగంగా పరుగెత్తేది చంచల అనే కుందేలు. దానికి మూడు పిల్లలు. బురదనీళ్ళు తాగి మూడింటికీ కడుపునొప్పి పట్టుకుంది. ఆట రోజు పొద్దున చివరి పిల్ల తల కూడా ఎత్తలేదు. చంచల దాని చెవులు నాకి బొరియలోంచి బయటికొచ్చింది.

ముళ్ళపంది కూడా ఆడతానంది. ఉన్నది ఒక్కటే బంతి అని నచ్చజెప్పి దాన్ని గట్టున కూర్చోబెట్టారు.

ఆట మొదలైంది. చంచల బంతిని తన్నుకుంటూ మైదానం సగం దాటిందో లేదో, ఎగువ జట్టు అడవిపంది పక్కనుంచి వచ్చి భుజంతో ఒక్క తోపు తోసింది. చంచల మూడు పల్టీలు కొట్టింది. తీతువు కూత పెట్టింది.

"నేను ముట్టుకోనేలేదు. గాలికి పడింది" అంది పంది.

ఆకు కూడా కదలని ఎండ అది. గట్టున ఉన్నవాళ్ళు నవ్వారు. తీతువు ఫ్రీ కిక్ ఇచ్చింది. పంది, రెండు కొండమేకలు వరసగా గోడలా నిలబడ్డాయి. నక్క తన్నిన బంతి మేక పొట్టకి తగిలి వెనక్కొచ్చింది. ఆ తర్వాత పంది ఇంకో రెండుసార్లు తోసింది. ఆ రెండుసార్లూ తోయలేదనే చెప్పింది.

కాసేపటికి ఆట దిగువవాళ్ళ గోలు ముందుకి మళ్ళింది. ఎగువ జట్టు కొండముచ్చు బంతితో గడిలోకి దూసుకొచ్చింది. కంగారులో దిగువ జట్టు ముంగిస దాని కాళ్ళకి అడ్డం పడింది. ఈసారి తీతువు తిన్నగా చుక్క దగ్గరికి నడిచింది. అందరూ గడి బయటికి వెళ్ళారు. గోలులో ఉడుము ఒక్కటే మిగిలింది. కొండముచ్చు తాపీగా ఒక మూలకి తన్నింది. గోలు పడింది.

"చూశారా, గోడ లేకపోతే ఎంత సుళువో" అని నక్క గొణిగింది.

దిగువవాళ్ళు పట్టు వదల్లేదు. పొద్దు వాలుతుండగా దుప్పి తలతో కొట్టిన బంతి ఎగువవాళ్ళ గోలులో పడింది. చెరొక గోలు. పొద్దు కొండ వెనక్కి దిగితే ఆట ముగుస్తుంది.

అప్పుడు చంచలకి బంతి దొరికింది. ఒక మేకను దాటింది, ఇంకో మేకను దాటింది. ఎదురుగా గోలులో ఎలుగుబంటి తప్ప ఎవరూ లేరు. గడి దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి పంది కాలు తగిలింది. చంచల ఎగిరి, దొర్లి, గడి మధ్యలో పడింది. దుమ్ము లేచి ఎవరికీ ఏమీ కనిపించలేదు. దూరాన్నుంచి పరుగెత్తుకొచ్చిన తీతువుకి, దుమ్ము తగ్గాక, గడిలో పడి ఉన్న చంచల కనిపించింది.

"పెనాల్టీ" అంది.

పంది ఉరుక్కుంటూ వచ్చింది. "పడేశాను, ఒప్పుకుంటాను. కానీ గడిలో కాదు పెద్దమ్మా, బయట. నా మాట నమ్ము."

ఎవరూ నమ్మలేదు. ఎగువవాళ్ళే తలలు దించుకున్నారు.

నక్క చంచల పక్కన వంగింది. "లేవకు, మాట్లాడకు" అని చెవిలో చెప్పింది. "నువ్వు అబద్ధం ఆడక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు. రేపటినుంచి నీ పిల్లలకి తేటనీళ్ళు."

చంచలకి చివరి పిల్ల కళ్ళముందు కదిలింది. ఊరికే ఉండడం ఎంత తేలికో అనిపించింది. తల తిప్పి చూస్తే గట్టున పంది పిల్లలు నాలుగు, ఎండిన నాలుకలు బయట పెట్టుకుని తల్లినే చూస్తున్నాయి. తల్లి ఇంకా "బయటే, బయటే" అని బతిమాలుతోంది.

చంచల లేచి దుమ్ము దులుపుకుంది.

"పందత్త చెప్పింది నిజం. దెబ్బ తగిలింది గీతకి జానెడు ఇవతల. నేను దొర్లి లోపల పడ్డాను."

తీతువు వెళ్ళి నేల చూసింది. గిట్ట గీరిన జాడ గీతకి బయటే ఉంది. "ఎక్కడ పడ్డారన్నది కాదు, ఎక్కడ పడేశారన్నదే లెక్క. ఫ్రీ కిక్" అంది.

ముంగిస కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నీ పిల్లల మీదైనా జాలి లేదా నీకు?"

"ఉంది. ఇవతల నుంచే కొడతాను" అంది చంచల.

పందీ, మేకలూ, కొండముచ్చూ గోడ కట్టాయి. చంచల రెండడుగులు వెనక్కి వేసి తన్నింది. బంతి గోడ పక్కనుంచి వంపు తిరిగి గోలు మూలకి దూసుకుపోయింది. ఎలుగుబంటి ఒళ్ళంతా సాగదీసి దూకింది. దాని గోటి చివర తగిలి, బంతి గోలు గుంజకి కొట్టుకుని బయటికి పోయింది.

పొద్దు దిగింది. ఆట ముగిసింది.

సమానమైతే ఏం చెయ్యాలో ఎవరూ ముందు అనుకోలేదు. దిగువవాళ్ళు చంచల వైపు చూడకుండా నిలబడ్డారు. చంచల కూడా తలెత్తలేదు. నిజం చెప్పినందుకు కాదు, బంతి లోపలికి పోనందుకు దానికి దుఃఖం ఆగలేదు.

అడవిపంది మెల్లగా ఏనుగు అవ్వ దగ్గరికి వచ్చింది.

"అవ్వా, నేను మూడుసార్లు తోశాను, మూడుసార్లూ కాదన్నాను. నాలుగోసారి నిజం చెబితే మావాళ్ళే నమ్మలేదు. ఈ కుందేలు చెబితే ఇద్దరూ నమ్మారు. అది నోరు విప్పకపోతే మేం ఓడినట్టే. నీళ్ళెలా పంచుకోవాలో దాన్నే చెప్పమను. అది ఏం చెప్పినా మాకు సమ్మతం."

ఎగువవాళ్ళలో ఒక్కరూ అడ్డు చెప్పలేదు. ఏనుగు అవ్వ చంచలను ముందుకి పిలిచింది. "చెప్పమ్మా, ఏం కావాలి మీకు?"

చంచల గట్టున ఉన్న పిల్లల వైపు చూసింది. "పిల్లలు ముందు తాగాలి అవ్వా. మా పిల్లలని అనడం లేదు, అందరి పిల్లలూ. వాళ్ళు తాగాక, పెద్దవాళ్ళం ఒకరోజు మేం, ఒకరోజు వాళ్ళు."

"అంతేనా?" అంది పంది.

"అంతే పందత్తా."

మర్నాడు తెల్లవారేసరికి మడుగు ఒడ్డున పిల్లలన్నీ వరసగా నిలబడ్డాయి. కుందేలు పిల్లల పక్కన పంది పిల్లలు, వాటి పక్కన కాలికి కట్టుతో దుప్పిపిల్ల. పెద్దవాళ్ళు వెనక ఆగి, బురద లేవకుండా చూశారు. వారం తిరిగేసరికి చంచల చివరి పిల్ల పొదల్లో గెంతడం మొదలుపెట్టింది. నక్క అది చూసి, తను ఆ రోజు చెవిలో చెప్పిన మాటకి సిగ్గుపడి, చంచలకి ఆ సంగతి చెప్పుకుంది కూడా. వానలు వచ్చేదాకా ఆ మడుగు దగ్గర మళ్ళీ కొట్లాట జరగలేదు.

పిల్లలూ, మనకు పోయినంతే అడిగి, మనది కానిది మనదని అనకుండా ఉంటే, మన మాటను ఎదుటి జట్టువాళ్ళు కూడా నమ్ముతారు.