పూలవాన కురిసిన మర్నాడు

పోలినాయుడికి ఆ సాయంత్రం ఒక మాంత్రికుడి మీద అసూయ పుట్టింది. మాంత్రికుడు టీవీలోవాడు. అసూయ మాత్రం నిజమైనదే.

కొత్తబూరవలస కొండ కింద పరదేశి స్వామి ఆశ్రమం ఉంది. ఆశ్రమమంటే మరీ పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. రెండు పాకలు, ఒక రేకుల షెడ్డు, నాలుగు గన్నేరు చెట్లు, ఒక నుయ్యి. షెడ్డులో టీవీ. ఎవరో భక్తుడు తన ఇంట్లోకి కొత్తది కొనుక్కుని, పాతదాన్ని మహాభక్తితో స్వామికి సమర్పించుకున్నాడు. అప్పటినుంచి ఊళ్ళో దైవచింతన బాగా పెరిగింది. సాయంత్రం ఆరున్నరయ్యేసరికి షెడ్డులో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఆరున్నరకు 'నీలిమేడ రాకుమారి' వస్తుంది. ఏడింటికి భజన. భజన కూడా జరిగేది, మిగిలిన ముగ్గురితో.

స్వామి కూడా సీరియల్ చూసేవాడు. ముందు వరసలో గోడకి ఆనుకుని, వినపడని చెవి దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవాడు. ఆ మాయలూ మంత్రాల్లో గురువుగారు ఏ పరమార్థం చూస్తున్నారో అని కొత్తగా వచ్చినవాళ్ళు ఆలోచించేవాళ్ళు. పాతవాళ్ళకు తెలుసు, ఆయన రాకుమారికి ఏమవుతుందోనని చూస్తున్నాడు.

రాకుమారికి ఏమీ బాగులేదు. నాలుగు వందల పన్నెండు రోజులుగా ధూమకేశుడనే మాంత్రికుడు ఆమెను నీలిమేడలో బంధించి ఉంచాడు. రాజ్యంలో పంటలు తగలబెట్టాడు. రాణిని రోలుగా మార్చాడు. అనాథ పిల్లనొకదాన్ని చిలుకను చేసి పంజరంలో పెట్టుకున్నాడు. ఊళ్ళో ఆడవాళ్ళు వాణ్ణి మెటికలు విరిచి తిట్టని రోజు లేదు.

ఆ సాయంత్రం ధూమకేశుడు మారిపోయాడు.

చిలుక అతని చేతిలో గింజ తింటూ తింటూ "నాన్నా" అంది. అంతే. అతని కంట్లోంచి ఒక బొట్టు రాలింది. బొట్టు నేలమీద పడేసరికి మేడ కరిగిపోయింది. రోలు లేచి రాణి అయి చీర సర్దుకుంది. ఆకాశంనుంచి పూలు కురిశాయి. రాకుమారి వచ్చి అతని కాళ్ళకి దణ్ణం పెట్టింది. మధ్యలో రెండుసార్లు సబ్బు ప్రకటన వచ్చింది గానీ, లేకపోతే ఇదంతా కలిపి పావుగంట పని.

షెడ్డంతా ఏడ్చింది. టీకొట్టు అప్పలసూరి గట్టిగా ముక్కు చీదాడు. తన కొట్లో పదేళ్ళుగా ఆ నీళ్ళటీ తాగుతున్నవాళ్ళ మీద అతను ఎప్పుడూ అంత జాలి చూపించి ఎరగడు.

గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చున్న పోలినాయుడికి మాత్రం ఏడుపు రాలేదు. అతను టీవీ చూడటం లేదు. లచ్చుమమ్మను చూస్తున్నాడు.

లచ్చుమమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, పక్కనున్న పైడమ్మతో అంది. "పాపం, మారిపోనాడే. ఎంత మంచి మొకం!"

ఆ మాట పోలినాయుడి గుండెల్లో పడింది. మంచి మాటే, తప్పుడు మనిషికి వెళ్ళింది.

తొమ్మిదేళ్ళ కిందట పోలినాయుడు లచ్చుమమ్మ గడ్డివాముకు నిప్పు పెట్టాడు. కాలవ నీళ్ళ దగ్గర ఆమె నలుగురిలో అతన్ని ఒక మాట అంది. మాట నిజం కావడంతో కోపం ఎక్కువొచ్చింది. గడ్డి కాలి ఊరుకుంటుందనుకున్నాడు. గాలి అలా అనుకోలేదు. వాము పక్కన పాక, పాకలో కట్టేసిన చూడి ఆవు. ఆ అరుపు ఊరంతా విన్నది. పోలినాయుడూ విన్నాడు.

పద్దెనిమిది నెలలు జైల్లో ఉన్నాడు. బయటికొచ్చి, ఇంటికి వెళ్ళకుండా తిన్నగా ఆశ్రమానికి వచ్చి స్వామి కాళ్ళ మీద పడ్డాడు. స్వామి ఉపదేశమేమీ చెయ్యలేదు. చీపురు చేతికిచ్చాడు.

ఏడేళ్ళు గడిచాయి. పోలినాయుడు వాకిలి ఊడ్చాడు. నీళ్ళు తోడాడు. సాయంత్రం వచ్చేవాళ్ళ చెప్పులు జతలు తప్పకుండా వరసలో పెట్టాడు. ఊరు కొంచెం కొంచెంగా మెత్తబడింది. పలకరించేవాళ్ళు, నవ్వేవాళ్ళు. కాకపోతే బీడీ ముట్టించుకోగానే అగ్గిపెట్టె మాత్రం గబుక్కున జేబులో వేసుకునేవాళ్ళు. పలకరింపు పలకరింపే, జాగ్రత్త జాగ్రత్తే.

లచ్చుమమ్మ అలా కాదు. ఏడేళ్ళలో ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టలేదు కూడా. రోజూ పొద్దున్న స్వామికి ముంతెడు మజ్జిగ తెచ్చి, మెట్టు మీద పెట్టి, నిన్నటి ఖాళీ ముంత తీసుకుని పోయేది. సాయంత్రం సీరియల్‌కి వచ్చేది. అందరూ చెప్పులు గుమ్మం దగ్గర పోలినాయుడికి వదిలి లోపలికి వెళితే, ఆమె తన చెప్పులు విప్పి చంకలో పెట్టుకుని వెళ్ళేది. చెప్పులతో లోపలికి రాకూడదని షెడ్డు గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంది. రాసింది స్వామే. ఆయన ఆమెను ఏనాడూ ఏమీ అనలేదు.

సీరియల్ అయిపోయింది. భజన చేయాల్సినవాళ్ళు ధూమకేశుడి గురించి మాట్లాడుకుంటూ ఇళ్ళకు పోయారు. పోలినాయుడు షెడ్డులోకి వచ్చి స్వామి ముందు నిలబడ్డాడు.

"సామీ, రేపు పొద్దున్న ఎల్లిపోతాను."

"ఎక్కడికి?"

"ఇశాపట్నం. హార్బర్లో మూటలు మోసుకు బతుకుతాను. అక్కడ నన్నెవులూ ఎరగరు."

స్వామి చాప కింద తడిమి చూస్తున్నాడు. "రిమోటు ఎక్కడుంది?"

పోలినాయుడు రిమోటు వెతికి ఇచ్చాడు. స్వామి టీవీ కట్టేసి అప్పుడు అతని మొహంకేసి చూశాడు.

"ఏమయింది?"

"అలిసిపోనాను సామీ." పోలినాయుడు గోడకి ఆనుకుని కూలబడ్డాడు. "ఆడు దేశానికి దేశాన్నే తగలెట్టేసినాడు. ఒక్క బొట్టు రాల్చినాడు. పూలు కురిసీసినాయి. ఆవిడ ఆడి కోసం ఏడిసింది సామీ, కొంగెట్టుకుని ఏడిసింది. నాను ఏడేళ్ళయి ఏడుత్తున్నాను. ఆవిడకి కనబడ్డమే లేదు."

"నీకు పూలు కావాలా?"

"నాకు పూలెందుకు? ఒక్క మాట. ఛీ అన్నా సాలు."

స్వామి రిమోటు చాప కింద పెట్టాడు. తర్వాత అడిగాడు. "ఏ బస్సు?"

"ఎనిమిదింటిది."

"సరే. వాకిలి ఊడ్చి వెళ్ళు."

పొద్దున్నే లేచి పోలినాయుడు వాకిలి ఊడ్చాడు. చివరిసారి కదా అని నూతి చుట్టూ, గన్నేరు చెట్ల మొదళ్ళ దగ్గర కూడా ఊడ్చాడు. ఒక్క ఆకు లేదు. స్నానం చేసి, రెండు బట్టలు సంచిలో సర్దుకుని, సంచి మెట్టు మీద పెట్టాడు.

స్వామి బయటికి వచ్చాడు. ఒక చేతిలో ముక్కాలిపీట, ఇంకో చేతిలో పూలసజ్జ. పూజకు కోసిన పూలన్నీ అందులోనే ఉన్నాయి. ఎర్ర గన్నేరు, బంతి, నందివర్ధనం, మంచుకు తడిసి ముద్దగా.

"ఇలా వచ్చి నిలబడు," అన్నాడు.

పోలినాయుడు వాకిలి మధ్యకు వచ్చాడు. స్వామి పీట వేసి, అతని భుజం పట్టుకుని పైకెక్కాడు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, పీటకి ఒక కాలు పొట్టి. ఇద్దరూ కలిసి కాసేపు ఊగారు. ఊగడం ఆగాక, స్వామి పూలసజ్జ ఎత్తి పోలినాయుడి నెత్తిన బోర్లించాడు.

పూలు పడ్డాయి. వాటితోపాటు చల్లటి నీళ్ళూ, నాలుగైదు గండుచీమలూ పడ్డాయి. ఒక బంతిపువ్వు చెవి మీద ఆగి, ఆలోచించుకుని, కింద పడింది.

"ఏటి సామీ ఇది?"

"పూలవాన. చాలా?"

"మరి దేవుడికో?"

"ఆయనకు రేపు పెడదాం. ఆయనేం బస్సెక్కి పోడు."

స్వామి మళ్ళీ అతని భుజం పట్టుకుని దిగి, వెళ్ళి మెట్టు మీద సంచి పక్కన కూర్చున్నాడు.

పోలినాయుడు అలాగే నిలబడ్డాడు. మేడలేమీ కరగలేదు. ఎవరూ వచ్చి దణ్ణం పెట్టలేదు. ఒక చీమ మెడ మీద కుట్టింది.

ఊళ్ళోంచి బస్సు హారన్ వినిపించింది. ఎనిమిదింటి బస్సు ఆవేళ ఎనిమిదింటికే వచ్చింది. అలా జరగడం గుర్తున్నంతలో అది మూడోసారి.

పోలినాయుడు సంచి వైపు చూశాడు. వాకిలి వైపు చూశాడు. వాకిలి ఊడ్చి వెళ్ళమన్నాడు స్వామి. ఇప్పుడది ఊడ్చిన వాకిలిలా లేదు.

చీపురు తీసుకున్నాడు.

తడిపూలు చీపురుకు రాలేదు. నేలకు అతుక్కుపోయాయి. చీపురుతో లాగితే నలిగి, మరకయ్యాయి. రెండుసార్లు చూసి, చీపురు పక్కన పడేసి, గొంతుకూర్చున్నాడు. ఒక్కొక్కటీ చేత్తో ఏరి సజ్జలో వెయ్యడం మొదలుపెట్టాడు. బస్సు ఇంకోసారి హారన్ కొట్టింది. తర్వాత దాని చప్పుడు రోడ్డు మీదుగా దూరమైంది. అతను తలెత్తలేదు.

లచ్చుమమ్మ వచ్చింది. తడిక దగ్గర చెప్పులు విప్పి చంకలో పెట్టుకుంది. వాకిట్లోకి రెండడుగులు వేసి, ఆ పూలు చూసి ఆగింది. పూల మధ్య గొంతుకూర్చున్న మనిషి తల మీద ఇంకా నందివర్ధనం రేకలున్నాయి. ఆమె పక్కనుంచి నడిచి వచ్చి మజ్జిగ ముంత మెట్టు మీద పెట్టింది.

"లచ్చుమమ్మా," అన్నాడు స్వామి. "నిన్న టీవీలో అన్ని పూలు కురిశాయి కదా. ఎవరు ఊడ్చారు?"

లచ్చుమమ్మ నిజంగానే ఆలోచించింది. సీరియల్ విషయంలో ఆమె తేలిగ్గా మాట్లాడే మనిషి కాదు.

"సూపించనేదు సామీ."

"ఇవాళ చూపిస్తారంటావా?"

"ఇయాలెందుకు సూపిత్తారు? ఆడి కత అయిపోనాది. ఇంక ఆడు రాడు. ఇయాల్నుంచి ఎవుడో కొత్త రాచ్చసుడొత్తాడంట."

"అలాగా," అన్నాడు స్వామి.

పోలినాయుడు ఏరుతున్నాడు. ఎర్ర గన్నేరు ఒకటి అడుగు కింద నలిగి నేలలో దిగిపోయి ఉంటే, గోటితో తీశాడు. నడుం పట్టేసి ఒకసారి చెయ్యి నేలకు ఆన్చి ఊపిరి పీల్చుకుని, మళ్ళీ వంగాడు.

మామూలుగా అయితే లచ్చుమమ్మ ఈపాటికి ఖాళీ ముంత తీసుకుని వెళ్ళిపోయి ఉండేది. ముంత తీసుకుంది. వెళ్ళలేదు. అలా నిలబడి అతను ఏరడం చూసింది. ఏరినంతమేర చూసింది, ఏరాల్సినంతమేర చూసింది.

"నూతి పక్కన ఉండిపోనాయి," అంది.

స్వామితో కాదు. స్వామి మజ్జిగ తాగుతున్నాడు.

పోలినాయుడి చెయ్యి ఆగిపోయింది. కాసేపటికి లేచాడు. నూతి పక్కకు వెళ్ళి చూశాడు. నిజమే, నాలుగు బంతిపూలు దొర్లుకుంటూ పోయి చప్టా వారన ఆగాయి. వంగి వాటిని ఏరాడు. ఏరి వెనక్కి తిరిగేసరికి ఆమె తడిక దాటుతోంది. చెప్పులు చంకలోనే ఉన్నాయి.

స్వామి ముంత పక్కన పెట్టి మూతి తుడుచుకున్నాడు.

"మూడింటికి ఇంకో బస్సుంది కదూ?"

పోలినాయుడు నూతి వెనక్కి వెళ్ళి, అక్కడ కూడా ఏమైనా ఉండిపోయాయేమోనని చూస్తున్నాడు.