కూర్మయ్య రెండు చిరునామాలు

ఇది అబద్ధమనే మొనగాడెవడైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడాలి. కథ నడుస్తుండగా మాత్రం దగ్గు కూడా వినపడకూడదు.

తొంభైతొమ్మిది కొండల అడవిలో తాబేలు కూర్మయ్యను మించిన వైద్యుడు లేడు. ఆయన ఆకు నూరితే ఆ వాసనకే ఎండిన మోడు చిగురించేది! ఆయన వెబ్‌సైట్ రెండు చిరునామాలతో తెరుచుకునేది. ఒకదానికి ముందు మూడు డబ్ల్యూలు, రెండోదానికి అవి లేవు. రెంటిలోనూ అవే మందులు.

అడవిలో ఎవరికేం కావాలన్నా, వెబ్‌సైట్లన్నీ వెతికిపెట్టే గద్దను అడిగేవారు. ఏ చిరునామాను ఎక్కువమంది మెచ్చి నలుగురికీ చెప్పారో చూసి, గద్ద దాన్నే ముందు చూపేది.

ఆ ఏడు అడవి మీద గాలికుంటు రోగం పడింది. దుప్పి బొట్లమ్మ మందు కోసం గద్దను అడిగితే ముందుగా దొంగ వైద్యం చేసే నక్క చిరునామా వచ్చింది. నక్క ఇచ్చిన బూడిద ముద్ద తిని ఆమె పెద్ద కూన మూడోనాటికి కన్నుమూసింది.

"మీరుండగా నా బిడ్డెట్లా పోయింది తాతా?" అని బొట్లమ్మ చిన్న కూనతో వచ్చి కూర్మయ్యను నిలదీసింది.

కూర్మయ్య తల డిప్పలోకి పోయింది. చిన్న కూనకు మందు నూరి పోశాడు. కానీ ఇంకెంతమంది తల్లులు నక్క గుమ్మం తొక్కుతున్నారో! తిన్నగా గద్ద దగ్గరికెళ్ళాడు.

"ఏమ్మా, నన్ను మెచ్చినవాళ్ళే లేరా?"

"లేకేం తాతా. డబ్ల్యూలున్నదానికి అరవైమంది, లేనిదానికి యాభైమంది. నక్కకు ఎనభై. నా లెక్కలో మీరు వేర్వేరు తాబేళ్ళు."

"ఉన్నది నేనొక్కణ్ణే కదే!"

"మీరు చెప్పందే నాకేం తెలుసు? ఏదో ఒకటి తేల్చుకోండి. ఏదైనా నాకు సమ్మతమే."

ఈ మాట చెవిన పడి నక్క దారి కాసింది.

"డబ్ల్యూలున్నదే ఉంచు మావా. రెండోదాన్ని మూసిపారెయ్, పీడా పోతుంది!"

"అంతేనంటావా అల్లుడూ?" అని కూర్మయ్య కదిలాడు. నాలుగడుగులేసి ఆగాడు. మూస్తే, ఆ చిరునామానే నమ్మి వచ్చే తల్లులు ఎటుపోతారు?

అప్పుడు పరుగెత్తాడు కూర్మయ్య! ఆ పరుగు గాలికి ఏరు రెండు గట్లూ దాటి పొర్లింది. డబ్ల్యూలు లేని చిరునామాకు ఎవరొచ్చినా డబ్ల్యూలున్నదానికే చేరేలా శాశ్వతంగా దారి మళ్ళించాడు. తన పేజీల్లోని లింకులన్నీ ఆ ఒక్కదానికే తిప్పాడు.

కొన్నాళ్ళకు గద్ద మళ్ళీ లెక్క చూసింది. "కూర్మయ్యకు నూటపది!"

"యాభై పోవాలి కదా? మూసేశాడుగా!" అని నక్క ఎగిరిపడింది.

"మూయలేదు. అటొచ్చినవాళ్ళను చెయ్యి పట్టుకుని ఇటు తెస్తున్నాడు. నీ ఎనభై నీకే ఉన్నాయి, రెండో వరసలో నిలబడు."

తల్లులంతా కూర్మయ్య గుమ్మానికే చేరారు. నక్క బూడిద ముద్దలు వానకు కరిగిపోయాయి.

సంపాదించుకున్న మంచిపేరు ఒక్కచోట చేరితేనే ఆపదలో ఉన్నవాళ్ళ కంటపడుతుంది.

ఇంకా నమ్మకం కుదరకపోతే అడవికెళ్ళండి. పెద్ద కూన ఒరిగిన చోట ఒక తల్లి ఇప్పటికీ గడ్డి ముట్టదు, ఆమెను అడగండి. పేరు బొట్లమ్మ.