సగం బ్లేడు

వకుళకు ఆ రోజు కావలసింది ఒక్క సంతకం.

ఆత్మకూరులో ఒక ట్రస్టు వాళ్ళు ప్రసూతి ఆసుపత్రి కట్టిస్తున్నారు. దాని డ్రాయింగులు నూట నలభై షీట్లు సాయంత్రం నాలుగు గంటల బస్సులో వెళ్ళాలి. తెల్లవారితే అక్కడ ర్యాంపుకూ, దాని పైనున్న దూలాలకూ సెంట్రింగు చెక్కలు కొడతారు. గఫూర్ మాస్టారు సంతకం పెట్టనిదే కర్నూలులోని ఆ చిన్న ఆఫీసు గడప ఏ డ్రాయింగూ దాటదు. ఈ షీట్ల మీద ఆయన సంతకం పడితే ఆసుపత్రి పనంతా ఇక వకుళ చేతికే. ఆ మాట ఆయనే అన్నారు.

అసలు కథ ఓబులేసుతో మొదలైంది. అక్కడ పని చేయిస్తున్న మేస్త్రి అతను. వారం కిందట ఫోన్ చేసి గోల పెట్టాడు.

"ఏమ్మా, ఇవి డ్రాయింగులా, సాలెగూళ్ళా? ఏ గీత గోడో, ఏ గీత పైపో తెలీక నా కళ్ళు పోతాండాయి."

అతని గోలలో న్యాయం ఉంది. కంప్యూటరులో ఆసుపత్రి ఒక్కటే. గోడలు, దూలాలు, పైపులు, మంచాలు అన్నీ అందులోనే ఉంటాయి. ఒక్కో షీటూ దాంట్లోకి తెరిచిన ఒక్కో కిటికీ. ఏ కిటికీలోంచి ఏది కనబడాలో, ఏది దాగాలో విడివిడిగా చెప్పుకుంటూ పోవాలి. చేత్తో చెబుతూ కూర్చుంటే నాలుగు రోజుల పని.

వకుళ కూర్చోలేదు. పైథాన్‌లో ముప్పై రెండు వరుసల స్క్రిప్టు రాసింది. కొత్త కంప్యూటరుకు తను పెట్టిన కుంకుమబొట్టు వంక ఒకసారి చూసుకుని మీట నొక్కింది. దూలాల కోసం విడిగా గీసిన షీట్లు తప్ప, మిగతా అన్నిటిలోనూ దూలాలు, పైపులు, మంచాలు మాయమయ్యాయి. టీ చల్లారే లోపు షీట్లన్నీ కడిగిన ముత్యాల్లా తేలాయి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ కట్ట తెచ్చి మాస్టారి బల్ల మీద పెట్టింది.

"నాలుగు రోజుల పని మాస్టారూ. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు."

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని ఒక్కో షీటూ నిదానంగా తిరగేశారు.

"ఎంత శుభ్రంగా ఉన్నాయి తల్లీ! ఈ విద్య నా కాలంలో ఉంటే మా ఉస్తాదు దగ్గర నేను అన్ని తిట్లు తినేవాణ్ణి కాదు."

వకుళ ముఖం వెలిగిపోయింది. పెన్ను మూత తీసి అందించింది. ఆయన అందుకోలేదు.

"ర్యాంపు షీటు, నీ స్క్రిప్టు ముట్టుకోక ముందుది, ఒకటి ప్రింటు తీసిస్తావా?"

"ఆ సాలెగూడా! ఎందుకు మాస్టారూ?"

"సంతకానికి ముందు ఒక్క షీటన్నా చేత్తో చూసుకోవడం నాకు అలవాటు."

"అయితే ర్యాంపే ఎందుకు?"

"తక్కిన చోట్ల నేల కదలదు, పైకప్పూ కదలదు. ర్యాంపు దగ్గర నేల లేచి వస్తుంది."

ప్రింటు వచ్చింది. మాస్టారు దాని మీద ట్రేసింగ్ పేపరు పరిచి నాలుగు మూలలా పిన్నులు గుచ్చారు. బిస్మిల్లా అనుకుని పాత ఇంకు పెన్ను తీశారు. ర్యాంపు, దాని పక్క గది, గదిలో రెండు మంచాలు, గోడ వెంబడి పైపు, పైనున్న దూలానికి చుక్కల గీతలు. ఒక్కటీ వదలకుండా, పక్కనున్న అంకెలతో సహా గీశారు. వకుళ గడియారం చూసింది. రెండున్నర. మళ్ళీ చూసింది. రెండూ ముప్పై రెండు.

ఇంకు ఆరాక ఆయన తన డబ్బాలోంచి కాగితం మడతలో ఉన్న కొత్త బ్లేడు తీశారు. దాన్ని నిలువునా రెండుగా విరిచి ఒక సగం ఆమె ముందు పెట్టారు.

"నీ స్క్రిప్టు ఏమేం దాచిందో అవన్నీ గీకెయ్యి."

"గీకితే పోతుంది కదా మాస్టారూ! నేనేదీ పోగొట్టలేదు. దాచానంతే. అన్నీ లోపల భద్రంగానే ఉన్నాయి."

"ఓబులేసు లోపలికి చూస్తాడా?"

వకుళ బ్లేడు అందుకుంది.

"పడుకోబెట్టి గీకు. నిలబెడితే కాగితం చినుగుతుంది."

మొదటి మంచం పోవడానికి ఐదు నిమిషాలు పట్టింది. రెండోది ఇంకా త్వరగా పోయింది. నల్లటి ఇంకు పొడి లేస్తుంటే ఊదేస్తూ, పైపు గీత మీదికి వెళ్ళింది. బస్సు తప్పిపోతుందన్న కంగారు, ఈ చాదస్తం మీద కోపం, రెండూ వేళ్ళలోకి దిగాయి. ఒకచోట కాగితం కొంచెం చినిగింది.

ఆఖరికి దూలం మిగిలింది. ఒక గోడ దగ్గర మొదలై, చుక్క తర్వాత చుక్కగా, అవతలి గోడ దాకా. ఒక చుక్క గీకింది. రెండోది గీకింది. మూడో చుక్క ర్యాంపు లోపల ఉంది. దాని పక్కనే రెండు అంకెలు. దూలం అడుగు ఎత్తు పది అడుగుల మూడంగుళాలు. సరిగ్గా అక్కడే ర్యాంపు నేల ఎత్తు అయిదు అడుగులు.

బ్లేడు ఆగిపోయింది.

రెండు అంకెలూ ఆమె ఎక్కించినవే. దూలాల షీట్లలో ర్యాంపు లేదు. ర్యాంపు షీట్లలో దూలం లేదు. రెండూ ఒక్క కిటికీలో కనబడే షీటు నూట నలభైలో ఒక్కటి కూడా లేదు.

వకుళ లేచింది. టేపు తీసుకుని గోడ దగ్గర నేల మీంచి అయిదు అడుగుల మూడంగుళాలు కొలిచి పెన్సిలుతో గీత పెట్టింది. దాని పక్కన నిలబడింది. గీత ఆమె కనుబొమ్మల దగ్గరికి వచ్చింది.

"స్ట్రెచర్ పైకెక్కించేటప్పుడు ముందువాడు వెనక్కి నడుస్తాడు మాస్టారూ. వాడి చూపంతా పడుకున్న ఆవిడ మీదే ఉంటుంది."

మాస్టారు లేచి వచ్చి ఆ పెన్సిలు గీత మీద వేలు పెట్టారు.

"మీకు ముందే తెలుసా?"

"లేదు తల్లీ. నేనూ నీ శుభ్రమైన షీట్లే చూశాను. ఎంత బాగున్నాయో అనుకున్నాను."

మూత తీసిన పెన్ను బల్ల మీద అలాగే ఉంది. వకుళ దానికి మూత పెట్టి, ఫోన్ తీసింది.

"అన్నా, ర్యాంపు దగ్గర చెక్కలు కొట్టొద్దు. దూలం జరగాల. ఇంజనీరు గారితో మాట్లాడి రేపటి బస్సుకు పంపిస్తా."

"మల్లా సాలెగూళ్ళేనా తల్లీ?" అవతల ఓబులేసు నిట్టూర్చాడు.

"కాదన్నా, శుభ్రంగానే వస్తాయి. ర్యాంపు మీద ఒక్క గీత ఎక్కువ ఉంటుంది. కాంక్రీటు పోసే ముందు దాని కింద నువ్వు నిలబడి చూడాల."

"నిలబడతాలే. ఇరవై ఏండ్లు చేసినోనికి నిలబడేది నేర్పిస్తాండావా!" అని నవ్వి పెట్టేశాడు.

ఆమె స్క్రిప్టు తెరిచింది. కొట్టేయలేదు. మధ్యలో ఐదు వరుసలు కొత్తగా చేర్చింది. మాస్టారు కుర్చీ లాక్కుని వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఈ వరుసలు ఏం చెబుతాయి?"

"మనిషి ఎక్కే చోట, దిగే చోట, పైనున్న దూలాన్ని దాచొద్దని."

"అలా కూడా చెప్పొచ్చా దీనికి?"

"చెప్పొచ్చు మాస్టారూ. చెప్పాలని నాకు తోచలేదు, అంతే."

మర్నాటికి ఇంజనీరు దూలాన్ని గోడ మీదికి జరిపి ఇచ్చాడు. వకుళ మీట నొక్కింది. టీ చల్లారే లోపు షీట్లన్నీ తేలాయి. మాస్టారు ర్యాంపు షీటు దగ్గర ఆగి, చుక్కల గీత మీద వేలు నడిపించారు. గోడ దాకా వెళ్ళి వేలు ఆగింది. అప్పుడు పెన్ను అడిగి తీసుకున్నారు. నూట నలభై సంతకాలూ అయ్యాక నమాజుకు లేచారు.

వకుళ సగం బ్లేడును కాగితంలో మడిచి తెచ్చి ఆయన చేతికివ్వబోయింది.

"ఉంచుకో తల్లీ," అన్నారు మాస్టారు. "రెండో సగం నా దగ్గరుంది."