ఈ ఒక్కరోజు కోపం

నేనెప్పుడూ ఏదీ రాసినదాన్ని కాదు. జ్వరమొస్తే నుదుట చెయ్యి వేసి మా అమ్మమ్మ చెప్పిన కథ ఇది. ఆ చేతి వెచ్చదనం గుర్తొచ్చి రాస్తున్నాను.

అరచేతుల్లోంచి ప్రాణశక్తి పంపి నొప్పులు తీసే విద్య నేర్పేవాడు హస్తానందస్వామి. ఓరోజు రాజుగారికి ఫిర్యాదు చేశాడు. "మంత్రసాని గవరమ్మ నా దగ్గర దీక్ష లేకుండానే జనం మీద చేతులు వేస్తోంది. ఊరు దాటించండి!"

రాజుగారు గవరమ్మని పిలిపించారు. "సామీ, మీ విద్యలో మొదటి ఒట్టు ఏంటి?" అంది గవరమ్మ.

"'ఈ ఒక్కరోజు కోపగించను' అని పొద్దున్నే అనుకోవాలి. కోపగిస్తే ఆ రోజుకి చేతిలో శక్తి ఉండదు."

"నామీద కోపం లేకపోతే తరమడమెందుకు? ఉంటే, ఒట్టు లేని రోజు చూసి తరమండి."

రాజుగారు నవ్వాపుకుని, "సరే, స్వామి ఒట్టు పెట్టుకోని రోజే తరుముదాం. రేపు చూద్దాం" అన్నారు.

మర్నాడు పొద్దున్నే గవరమ్మ స్వామి గుమ్మంలో నిలబడింది. "ఇవాళ ఒట్టు పెట్టుకున్నారా సామీ?"

శిష్యులంతా చూస్తున్నారు. "పెట్టుకున్నా" అని గొణిగాడు స్వామి.

"అయితే రేపొస్తా" అని, గవరమ్మ పసిబిడ్డకి నీళ్లు పొయ్యడానికి వెళ్లిపోయింది.