ఉక్కు పిస్తోలుకు పరీక్ష

మద్దిలేటి రాసిన రిపోర్టు మీద రిజర్వు ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టలేదు.

నాలుగు పేజీల రిపోర్టు. మఫ్టీలో కాపలా కాసే పోలీసులకు చొక్కా కింద దాచుకునే చిన్న పిస్తోలు కావాలని అనుకుంటున్న రోజులవి. పరీక్ష కోసం అనంతపురానికి ఒకటి పంపారు. అరచేతికన్నా కాస్త పెద్దది. పిడి నుంచి గొట్టం దాకా అంతా ఉక్కే. ఈ కాలపు పిస్తోళ్లలో సగం ప్లాస్టిక్కో, తేలిక లోహమో ఉంటుంది. ఇందులో అదేమీ లేదు. దీన్ని చూసి, కొనొచ్చో లేదో చెప్పే పనిని హెడ్ కానిస్టేబుల్ మద్దిలేటికి అప్పగించారు. జిల్లాలో అతని గురికి తిరుగులేదు.

మూడు రోజులు రేంజిలో గడిపాడు. రెండొందల తూటాలు కాల్చాడు. ఒక్కటీ ఇరుక్కోలేదు. ఉక్కు బరువుకు పిస్తోలు చేతిలో ఎగిరిపడకుండా నిలిచింది. పదిహేను గజాల దూరంలో పెట్టిన అట్టబొమ్మ గుండె మీద తూటాలన్నీ టీ సాసరంత మేరలోనే పడ్డాయి. రిపోర్టు చివర 'అత్యుత్తమం' అని రాసి, కింద గీత కూడా గీశాడు.

"దస్తగిరి ఉస్తాద్‌కు చూపించినావా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఆయన రిటైరై తొమ్మిదేండ్లయింది సార్."

"అవును. ఆయన సరే అంటేనే నేను సంతకం పెట్టేది."

మద్దిలేటికి మనసు చివుక్కుమంది. ట్రిగ్గర్ మీద వేలు పెట్టడం దగ్గర్నుంచి తనకు అన్నీ నేర్పింది దస్తగిరే, కాదనడు. కానీ అదెప్పుడో పదహారేళ్ల కిందటి మాట. ఇప్పుడు తనకింకా పరీక్షేమిటి?

ఆ సరికే అతనికి ఇంకో చిక్కు ఉంది. ఒక హత్యను కళ్లారా చూసిన సుంకులమ్మ అనే ఆమెకు కోర్టు కాపలా ఇమ్మంది. ఊరి రోడ్డు పక్కన బోండాల అంగడి ఆమెది. రెండు వారాలుగా మద్దిలేటి మామూలు బట్టల్లో, చొక్కా కింద సర్వీసు పిస్తోలు పెట్టుకుని ఆ అంగడి బెంచీ మీద కూర్చుంటున్నాడు. మొదట్లో ధైర్యంగానే ఉన్న మనిషి, మొన్న ఉన్నట్టుండి, "నాకు కాపలా వద్దు, సాక్ష్యమూ వద్దు, నేను రాను సారూ" అనేసింది. ఆమె రాకపోతే కేసే లేదు. అవతలివాళ్లు బెదిరించి ఉంటారని మద్దిలేటి పై అధికారులకు చెప్పాడు.

దస్తగిరి ముప్పై నాలుగేళ్లు పోలీసుల తుపాకులు బాగుచేశాడు. ఇప్పుడు పాతూరులో ఇంటి వసారాలో కుట్టుమిషన్లు బాగుచేస్తున్నాడు. పిస్తోలు చేతికివ్వగానే మ్యాగజైన్ తీశాడు. స్లైడ్ వెనక్కి లాగి, లోపల తూటా లేదని తాను చూసి, శిష్యుడికీ చూపించాడు. తర్వాత కళ్లు మూసుకుని, ప్రతి అంచు మీదా బొటనవేలితో మెల్లగా తడిమాడు.

"మంచి పనోడే చేసినాడు" అన్నాడు.

మద్దిలేటి ముఖం విప్పారింది. వెంటనే రిపోర్టు చేతికిచ్చాడు. ముసలాయన అద్దాలు పెట్టుకుని నాలుగు పేజీలూ ఓపిగ్గా చదివాడు.

"ఇందులో అన్నీ కాల్చే సంగతులే ఉండాయే."

"పిస్తోలు ఉండేది కాల్చనీకే కదా ఉస్తాద్."

"నీ సర్వీసులో మనిషి మీద ఎన్నిసార్లు కాల్చినావప్పా?"

"ఒక్కసారీ లేదు. దేవుని దయ."

"మోసింది?"

మద్దిలేటి వేళ్లు మడిచి లెక్కబెట్టబోయి మానేశాడు.

"ఖాళీదే చొక్కా కింద పెట్టుకో" అంటూ దస్తగిరి గుడ్డసంచీ అందుకున్నాడు. "కూరగాయలు తెద్దాం పా."

ఇద్దరూ మార్కెట్‌కు నడిచారు. వీధి మలుపులో దస్తగిరి వేయించిన చెనక్కాయలు ఒక పొట్లం కొన్నాడు. ఒక్కొక్కటే తీస్తున్నాడు గానీ, నోట్లో వేసుకోవడం లేదు. ఉండుండి ఒకటి జుబ్బా జేబులో వేసుకుంటున్నాడు. నోట్లో పళ్లు లేని మనిషి, ఇంట్లో ఎవరికో దాస్తున్నాడేమో అనుకున్నాడు మద్దిలేటి.

మార్కెట్ కిటకిటలాడుతోంది. మద్దిలేటి వంగి వంకాయలు ఏరాడు. ఒక సైకిలువాడు రాసుకుంటూ పోయాడు. ఉల్లిపాయల మూటల మధ్య నుంచి పక్కకు తిరిగి నడవాల్సి వచ్చింది. ఎండకు చొక్కా ఒంటికి అంటుకుపోయింది. గంటసేపు తిరిగి, సంచి నింపుకుని, మూలనున్న హోటల్లో కూర్చున్నారు.

హోటలతను రెండు టీలు తెచ్చి పెట్టాడు. "పోలీసు సారుకు చక్కెర ఇంకొంచెం ఎయ్యల్నా?" అని మర్యాదగా అడిగి పోయాడు.

అతన్ని మద్దిలేటి ఎన్నడూ చూడలేదు. ఇద్దరిలో ఎవరూ పోలీసన్న మాటే ఎత్తలేదు. దస్తగిరి అది విననట్టే ఉండి, జేబులోని చెనక్కాయలన్నీ బల్ల మీద పోశాడు.

"ఎన్నుండాయో చూడు."

మద్దిలేటి లెక్కబెట్టాడు. "నలభై ఒకటి. ఏంటివి ఉస్తాద్?"

"వీధి మలుపు కాడ నుంచి ఈడికొచ్చేలోపల నీ చెయ్యి నడుం మీదికి పోయిన సార్లు."

మద్దిలేటి నడుం మీది నుంచి చెయ్యి తీశాడు. "బరువుకు జారిపోతాదేమో అని..."

"ఊఁ."

"పిస్తోలు వెనకాల మొన గీసుకుంటాంది. వంగితే చొక్కా పైకి లేస్తాది."

"ఊఁ. ఇవన్నీ ఏ పేజీలో రాసినావప్పా?"

ఉన్నట్టుండి మద్దిలేటి కళ్ల ముందు బోండాల అంగడి కదిలింది. రోడ్డు మీద ఏ బండి ఆగినా తన చెయ్యి నడుం మీదికి పోయేది. వెంటనే నూనెలో సుంకులమ్మ గరిటె ఆగిపోయేది. "ఎవురన్నా వచ్చినారా సారూ?" అని అడిగేది. "ఎవురూ లేరక్కా" అనేవాడు. కాసేపటికి మళ్లీ అదే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె చూపు తన చేతి మీదే ఉండేది. అవతలివాళ్లు ఆ ఛాయలకే రాలేదు. రెండు వారాలుగా ఆమెను భయపెట్టింది ఎవరో అతనికి ఇప్పుడు తెలిసింది.

టీ చల్లారిపోయింది.

"కోర్టుకింకా ఎన్నాళ్లుండాది?" అన్నాడు దస్తగిరి.

"పద్దెనిమిది దినాలు. ఆమె రానంటాంది ఉస్తాద్."

"ఈ పిస్తోలే రోజూ నడుంకు కట్టుకో. తీయొద్దు" అన్నాడు ముసలాయన. ఇంటికొచ్చాక లోపలి నుంచి మందమైన బర్రెతోలు బెల్టు తెచ్చి ఇచ్చాడు. "మొన అరగదీయల్లని పిస్తోలు మీద ఆకురాయి పెట్టేది లేదు. సర్కారు సొత్తు. యాడ కొరుకుతాదో అది మాత్రం రాయి."

ఇన్‌స్పెక్టర్ అనుమతి ఇచ్చాడు. సర్వీసు పిస్తోలు అప్పగించి, మద్దిలేటి ఉక్కు పిస్తోలుతోనే డ్యూటీకి పోయాడు. జేబులో చెనక్కాయలు పోసుకుని, తప్పు చేసినప్పుడల్లా ఒకటి రెండో జేబులోకి మార్చుకునేవాడు. తొలిరోజు రెండో జేబు ఉబ్బిపోయింది. మెత్తటి బెల్టు మీద వేలాడిన బరువు, బర్రెతోలు బెల్టు మీద నడుముకు అతుక్కుని నిలిచింది. అయినా చెయ్యి పోయేది. పిస్తోలు జారిపోతుందని కాదు, పదహారేళ్ల అలవాటు.

మూడో రోజు సాయంత్రం తుడుస్తుంటే స్లైడ్ మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. ఏప్రిల్ ఎండ, ఒంటి చెమట. ఉక్కు తుప్పుపట్టడం మొదలుపెట్టింది. పొద్దునా సాయంత్రం నూనెగుడ్డతో తుడవాల్సిందేనని రాశాడు. వెనకాలి మొన రెండు చొక్కాల లోపలి గుడ్డను చింపింది. అదీ రాశాడు. బస్సెక్కినప్పుడు, కింద కూర్చుని అన్నం తిన్నప్పుడు పిడి పక్కటెముకల్లో ఎక్కడ గుచ్చుకుంటుందో రాశాడు. 'అత్యుత్తమం' అన్న మాట కొట్టేశాడు. దాని బదులు ఏం రాయాలో తోచలేదు.

అంగడి బెంచీ మీద రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నాడు. చెప్పడానికి చిన్న పనే. అతనికి మాత్రం గురి నేర్చుకున్నప్పటికన్నా కష్టమైంది. బండి ఆగితే కళ్లతోనే చూసేవాడు. దిగిన మనిషి చేతులు, నడక, ముఖం. ఇంతకుముందు తన నడుం చూసుకుంటూ ఇవన్నీ చూడలేదని అప్పుడు తెలిసింది.

పదోరోజో పదకొండో రోజో, సుంకులమ్మ గరిటె పట్టుకుని అతని వైపు తేరిపార చూసింది.

"ఏం సారూ, ఈ పొద్దు పిస్తోలు తేలేదా?"

"తెచ్చినాక్కా."

ఆమె అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. ఇంకో వాయి బోండాలు నూనెలో వేసింది. అవి ఎర్రగా వేగాక జల్లెడలోకి తీస్తూ అడిగింది.

"కోర్టు ఏనాడన్నావు?"

వాయిదా రోజు పోలీసు జీపు వద్దంది. "జీపెక్కితే ఊరంతా నన్నే చూస్తారు. అందరి మాదిరి బస్సులో వస్తా" అంది. పొద్దున మొదటి బస్సెక్కారు. ఆమె కిటికీ పక్కన, అతను ఇవతల. వెనక సీట్లో ఇంకో ఇద్దరు కానిస్టేబుళ్లు కూడా మామూలు బట్టల్లోనే ఉన్నారు.

మూడో స్టాపులో ముగ్గురు ఎక్కారు. ముద్దాయిల మనుషులు. సుంకులమ్మ వాళ్లను గుర్తుపట్టింది. సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా, కమ్మీ పట్టుకుని ఆమెనే చూస్తూ నిలబడ్డారు.

మద్దిలేటి ముగ్గురి చేతులూ చూశాడు. కమ్మీ మీద నాలుగు, ఒకడి చేతిలో టిఫిను క్యారియర్, ఇంకో చెయ్యి చొక్కా జేబులో టికెట్టు కోసం. వాళ్ల కళ్లలోకి నెమ్మదిగా చూశాడు. అతని చేతులు ముందు సీటు కమ్మీ మీదే ఉన్నాయి.

సుంకులమ్మ వాళ్లను చూసింది. తర్వాత అతని చేతులు చూసింది. చాలాసేపు చూసింది.

ఆ ముగ్గురూ రెండు స్టాపుల తర్వాత దిగిపోయారు.

ఆ రోజు కోర్టులో ఆమె ముప్పావు గంట నిలబడి, చూసింది చూసినట్టు చెప్పింది. అవతలి వకీలు ఎన్ని విధాల తిప్పి అడిగినా ఒక్క మాట తడబడలేదు.

సాయంత్రం మద్దిలేటి పాతూరు పోయాడు. దస్తగిరి వసారాలో మిషన్ చక్రానికి నూనె వేస్తున్నాడు. మద్దిలేటి చెప్పులు విడిచి, కింద కూర్చున్నాడు. కొత్త రిపోర్టు చేతిలోనే ఉంది గానీ ఇవ్వలేదు.

"పిస్తోలు ఎట్లుండాదప్పా?" అన్నాడు దస్తగిరి, తల ఎత్తకుండానే.

మద్దిలేటి చాలా చెప్పాలనుకుని వచ్చాడు. బరువు, తుప్పు, వెనకాలి మొన.

"కోర్టుకు పోయేటప్పుడు సుంకులమ్మ బస్సులో నిద్రపోయింది ఉస్తాద్."

దస్తగిరి చక్రం తిప్పడం ఆపాడు. నూనె చేతులు గుడ్డకు తుడుచుకుని, లోపలికి చూసి కేకేశాడు.

"ఇంకో పళ్లెం పెట్టమ్మా. మద్దిలేటి వచ్చినాడు."