అడవిపందుల మెదడు విందు

పులిగుండం అడవిలో జింకలు, నక్కలు, ఏదుపందులు ఉండేవి. వాటి జోలి మనకొద్దు. ఈ కథలో తప్పు చేసింది అడవిపందులే.

ఆ పందుల మందలో ఒక దరిద్రపు ఆచారం ఉండేది. పెద్దలెవరైనా చస్తే వాళ్ళ మెదడును అందరూ తలా కాస్త తినాలి. తినకపోతే చచ్చినవాళ్ళ తెలివి మట్టిలో కలిసిపోతుందట! ఎవడు చూశాడు? అడిగినవాడే లేడు.

మందకు పెద్ద గండుకోర. వాడికి కోరలు పొడుగు, బుద్ధి పొట్టి. వాడి చనిపోయిన తమ్ముడి భార్య మట్టమ్మ. ఆమెకు ఒక్కతే కూతురు, రేగి.

ఒక ఏడు గండుకోర తల్లికి జబ్బు చేసింది. నడవబోతే తూలేది. ఒళ్ళంతా వణికేది. ఏడవాల్సిన చోట ఇకిలించేది. చివరికి దుంప కూడా మింగలేక చచ్చిపోయింది.

గండుకోర ఆమె మెదడు ముద్ద తెచ్చి రేగి ముందు పడేశాడు. "తినవే పిల్లా! మీ నానమ్మ తెలివంతా నీకే."

మట్టమ్మ అడ్డం నిలబడింది. "నా బిడ్డ తినదు బావా. మా అక్కలు ఇలాగే తిన్నారు, ఇలాగే వణికి పోయారు. వాళ్ళు తిన్న రోజు నేను పురిట్లో ఉండి తినలేదు. బతికున్నాను. నీకు కళ్ళు లేవా?"

"వాళ్ళకు నక్క చేతబడి చేసింది!"

"నక్కకు వేరే పని లేదా? మా అక్క తల చీల్చినప్పుడు చూశాను. మెదడంతా జల్లెడ! అందులో ఒక రవ్వ వంకర తిరుగుతుంది. అది పక్క రవ్వను వంచుతుంది. అది ఇంకోదాన్ని. ఎండకు చావదు, వానకు పోదు. తిన్నవాళ్ళ తలకెక్కుతుంది."

"అబ్బో, మహా పండితురాలివి!" రేగి ముందున్న ముద్దను కూడా గండుకోరే మింగేశాడు. "చూడండర్రా! నాకేమైంది?"

ఏమీ కాలేదు. ఆ ఏడూ కాలేదు, మరుసటి ఏడూ కాలేదు. అదే ఆ జబ్బు చేసే మోసం. లోపల నక్కి కూర్చుంటుంది.

మట్టమ్మను, రేగిని మందలోంచి తరిమేశారు. వాగు దగ్గర కనబడితే చాలు, "ఇంకా బతికే ఉన్నావా పండితురాలా?" అని వెక్కిరించేవాళ్ళు. ఒక్కడంటే ఒక్కడు ఆమె పక్షాన నోరు విప్పలేదు. సిగ్గులేని మంద!

చాలా ఏళ్ళకు గండుకోర కాలు తడబడింది. తర్వాత ముట్టె వణికింది. మందలో ఇంకొందరు తూలడం మొదలుపెట్టారు. అప్పుడు గుర్తొచ్చింది అందరికీ మట్టమ్మ! మందంతా ఏడుస్తూ ఆమె దగ్గరికి పోయింది.

"మందు చెప్పు తల్లీ!"

"మందు లేదు. నా దగ్గరే కాదు, ఎవరి దగ్గరా లేదు. ఆ రోజే చెప్పాను, నవ్వారు. తినని పిల్లలనైనా ఇటు పంపండి."

పిల్లలను దగ్గరికి తీసింది. వెక్కిరించిన వాళ్ళ ముఖం మాత్రం చూడలేదు. ఎందుకు చూడాలి?

గండుకోర చావబోతూ కూడా మారలేదు. "నా మెదడు తినండి. లేకపోతే నా తెలివంతా పోతుంది!" అని వణుకుతూ అరిచాడు.

"పోనీ బావా," అంది మట్టమ్మ.

పందులు ముట్టెలతో లోతుగా గొయ్యి తవ్వి వాణ్ణి పూడ్చేశాయి. ఒక్కటీ నోరు పెట్టలేదు. అక్కడ దుంపలు తవ్వొద్దని రేగి తన పిల్లలకు నేర్పింది. ఆ పిల్లలు, వాటి పిల్లలు వాగు పొడుగునా తూలకుండా పరుగెత్తాయి.

నీతి: తాతలు తిన్నారని విషం ప్రసాదం కాదు, వద్దని చెప్పిన నోటిని తరిమినంత మాత్రాన జబ్బు పోదు.